దిగిన తరువాతి గంటను బట్టి సీటు

కొన్నేళ్ల క్రితం ఒక ఒప్పందానికి సంబంధించిన చర్చల కోసం ఉదయపు విమానంలో బయలుదేరాను. టికెట్టు మా ఆఫీసు ట్రావెల్ డెస్కు వారు తీశారు. సీటు ఎక్కడని నేను అడగలేదు, వారూ చెప్పలేదు. విమానాశ్రయంలో కౌంటరు దగ్గర నా చేతికి వచ్చిన బోర్డింగ్ పాస్ మీద ఉన్నది చివరి నుంచి రెండో వరుసలోని మధ్య సీటు. నేను లోపలికి వెళ్లేసరికి పైఅరలు నిండిపోవడంతో క్యాబిన్ బ్యాగును సిబ్బంది తీసుకుని కింద సామాను గదిలో వేయించారు. ఇటొకరు అటొకరు కూర్చున్నాక, లెక్కలు చివరిసారి సరిచూసుకుందామని ల్యాప్‌టాప్ తెరిస్తే మోచేతులు ఒంటికి అదుముకుని తప్ప టైపు చేయలేకపోయాను; పది నిమిషాలకే మూసేశాను. విమానం చెప్పిన సమయానికే దిగింది. అయినా ముందున్న వరుసలన్నీ ఖాళీ అయి, నేను బయటికి వచ్చి, బెల్టు దగ్గర బ్యాగు కోసం నిలబడి, కారెక్కి సమావేశానికి చేరేసరికి ముప్పై అయిదు నిమిషాలు ఆలస్యమైంది. అవతలి పక్షం వారు తమ షరతులన్నీ అప్పటికే చెప్పేశారు. వాటికి జవాబు చెప్పడానికి కావలసిన లెక్కలు నా దగ్గర ఉండిపోగా, నాకన్నా చాలా జూనియరైన సహోద్యోగి ఒక్కరే ఆ అరగంటా నెట్టుకొచ్చారు.

ఆ ఆలస్యం నన్ను చాలాకాలం బాధపెట్టింది. ప్రయాణానికి మూడు వారాల ముందే టికెట్టు చేతిలో ఉంది. ఆనాడు సీటు మ్యాప్ తెరిచి చూసి ఉంటే ముందు వరుసల్లో ఏదో ఒక సీటు దొరికే ఉండేది. ఆ తరువాత నుంచి ఉద్యోగం మీద వెళ్లే ప్రతి ప్రయాణానికీ ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏ సీటు సుఖంగా ఉంటుందన్న ప్రశ్న తరువాతి సంగతి. విమానం దిగిన మొదటి గంటలో నేను ఎక్కడ, ఏ స్థితిలో, ఏ సామానుతో ఉండాలన్నది ముందు రాసుకుంటాను. ఆ ప్రశ్నకు జవాబు తెలిస్తే సీటు దాదాపు దానంతటదే తేలిపోతుంది.

దిగగానే నేరుగా సమావేశానికి వెళ్లవలసి ఉందనుకుందాం. అప్పుడు ముందు వరుసలు కావాలి. ఒకే నడవ ఉండే ఎయిర్‌బస్ ఏ320లో అన్నీ ఎకానమీ సీట్లే ఉంటే సాధారణంగా 30 వరుసలు, 180 సీట్లు ఉంటాయి. టెర్మినల్ నుంచి విమానం తలుపు దాకా వచ్చే నడిచే వంతెనకు, అంటే ఏరోబ్రిడ్జికి, ఆనుకున్నప్పుడు వీరందరూ ముందు తలుపు ఒక్కదాని నుంచే దిగాలి. ప్రతి వరుసలోనూ ఎవరో ఒకరు లేచి నిలబడి, పైఅరలో నుంచి బ్యాగు దించుకుని, కోటు సర్దుకుని కదలాలి కాబట్టి అయిదో వరుసకూ ఇరవై ఎనిమిదో వరుసకూ మధ్య పది పదిహేను నిమిషాల తేడా రావడం నేను ఎన్నోసార్లు గడియారం పెట్టుకుని చూసినదే. దేశం దాటే ప్రయాణమైతే ఈ తేడా ఇమిగ్రేషన్ క్యూలో ఇంకా పెరుగుతుంది. మూడు నాలుగు వందల మంది ఒకేసారి దిగే పెద్ద విమానంలో పది వరుసలు ముందుండటం అంటే ఆ క్యూలో తొంభై మందికి ముందు నిలబడటం.

అయితే ముందు సీటు ప్రతిసారీ ముందుగా బయటపడేయదు. విమానాన్ని టెర్మినల్‌కు దూరంగా నిలిపి బస్సుల్లో తీసుకెళ్లే చోట, మొదట దిగినవాడు మొదటి బస్సు నిండేదాకా అందులోనే నిలబడి ఉంటాడు. ఆ బస్సులోకి చివరగా ఎక్కినవాడు తలుపు పక్కన ఉంటాడు కాబట్టి టెర్మినల్ దగ్గర అతడే ముందు దిగుతాడు. ముందూ వెనకా రెండు చోట్లా మెట్లు వేసే విమానాశ్రయాల్లో చివరి వరుసల వారు మొదటి వరుసల వారితో సమానంగా దిగిపోతారు, ఇబ్బందంతా మధ్య వరుసల వారికే. ఇక ఏటీఆర్ 72 అనే చిన్న టర్బోప్రాప్ విమానం సంగతి తెలియక చాలామంది మోసపోతారు. అందులో ప్రయాణికులు ఎక్కి దిగే తలుపు వెనక వైపున ఉంటుంది, ముందు భాగంలో సామాను గది ఉంటుంది. తొందరగా దిగుదామని ఒకటో వరుస తీసుకున్నవారు అందరికన్నా చివర దిగుతారు. పైగా ముందు భాగానికి ప్రొపెల్లర్లు దగ్గర కావడంతో ఆ మోత కూడా వారికే ఎక్కువ. నేను తరచూ వెళ్లే విమానాశ్రయాల్లో ఏ సంస్థ విమానం ఏరోబ్రిడ్జికి వస్తుందో, ఏది దూరంగా ఆగుతుందో ఒక చిన్న నోటు పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. సీటుకు డబ్బు కట్టే ముందు ఆ పుస్తకం తిరగేస్తాను.

మధ్యలో విమానం మారవలసి ఉంటే లెక్క ఇంకా కచ్చితంగా వేసుకోవాలి. రెండు విమానాల మధ్య కనీసం ఇంత సమయం ఉండాలని ప్రతి విమానాశ్రయానికీ ఒక హద్దు పెట్టి ఉంటుంది. అంతకన్నా తక్కువ వ్యవధి ఉన్న ప్రయాణాన్ని ఒకే టికెట్టు మీద బుకింగ్ వ్యవస్థ అమ్మదు. అమ్మింది కదా అని నిశ్చింతగా ఉండకూడదు, ఎందుకంటే ఆ హద్దుకు మీరు ఏ వరుసలో కూర్చున్నారో తెలియదు. గంటంబావు వ్యవధి మాత్రమే ఉండి, మధ్యలో భద్రతా తనిఖీ మళ్లీ చేయించుకోవలసిన చోట, ముందు వరుసల్లోని మధ్య సీటును వెనక వరుసల్లోని నడవ పక్క సీటు కన్నా మేలుగా నేను ఎంచుతాను. రెండు గంటల ఇరుకును ఓర్చుకోవచ్చు. తప్పిపోయిన విమానం వల్ల మరునాటి పని మొత్తం చెల్లాచెదురవుతుంది.

దిగిన తరువాతి గంట గురించి ఇంతగా ఆలోచించేవాడిని గాలిలో ఉన్న గంటల గురించి ఆలోచించనా అంటే, తప్పకుండా ఆలోచిస్తాను, ఎందుకంటే ఆ గంటల్లో ఏం చేశానన్నదే దిగిన తరువాత నా స్థితిని నిర్ణయిస్తుంది. పగటి ప్రయాణంలో ల్యాప్‌టాప్ మీద పని చేయాలనుకుంటే మొదట చూడవలసినవి రెండు కొలతలు. ఒకటి సీటు పిచ్, అంటే ఒక సీటు మీది ఒక బిందువు నుంచి ముందు సీటు మీది అదే బిందువుకు ఉండే దూరం. ఎకానమీలో ఇది సాధారణంగా 28 నుంచి 32 అంగుళాల మధ్య ఉంటుంది. దీన్ని కాళ్లు చాపుకునే చోటుగా పొరబడతారు కానీ, సీటు వీపు మందం కూడా ఇందులోనే కలిసి ఉంటుంది కాబట్టి ఒకే పిచ్ ఉన్న రెండు విమానాల్లో మోకాళ్లకు దొరికే చోటు వేరు కావచ్చు. రెండోది వెడల్పు. ఏ320 ఎకానమీ సీటు దాదాపు 18 అంగుళాలుంటే బోయింగ్ 737లో దాదాపు 17 అంగుళాలే ఉంటుంది, ఎందుకంటే రెండింటిలోనూ వరుసకు ఆరు సీట్లే అయినా 737 లోపలి వెడల్పు తక్కువ. ఒక్క అంగుళమే కదా అనిపిస్తుంది కానీ, టైపు చేసే మనిషి మోచేతికి ఆ అంగుళమే ప్రాణం.

పెద్ద విమానాల్లో ఈ తేడా విమానం పేరులో కాక వరుస కూర్పులో ఉంటుంది. బోయింగ్ 777లో వరుసకు తొమ్మిది సీట్లు పెట్టిన సంస్థలు ఒకప్పుడు చాలా ఉండేవి. ఇప్పుడు ఎక్కువ సంస్థలు అదే వెడల్పులో పది పెడుతున్నాయి. 787ను వరుసకు ఎనిమిది సీట్లకూ అనువుగా తయారు చేశారు, కానీ దాదాపు అందరూ తొమ్మిదే పెట్టుకున్నారు. జపాన్ ఎయిర్‌లైన్స్ మాత్రం తన అంతర్జాతీయ విమానాల్లో ఎనిమిది ఉంచింది. ఏ330లో రెండు, నాలుగు, రెండు చొప్పున ఉంటాయి కాబట్టి కిటికీ పక్క జంట సీట్లలో మధ్య సీటు అనే బాధే లేదు. ఎంబ్రేయర్ ఈ190 వంటి చిన్న జెట్లలో నడవకు ఇటు రెండు అటు రెండే. ఒకే ఊరికి ఒకే సమయంలో రెండు మూడు విమానాలుంటే, సంస్థ పేరుతో పాటు విమానం రకం కూడా చూసి టికెట్టు తీసుకోవడం నాకు అలవాటైంది, సీటు ఎంపికలో సగం పని అక్కడే అయిపోతుంది.

కుడిచేతి వాటమా ఎడమచేతి వాటమా అన్నది ఎవరూ పట్టించుకోని విషయం. మూడు మూడు సీట్ల విమానంలో ఎడమ కిటికీ నుంచి కుడి కిటికీ దాకా సీట్లకు ఎ నుంచి ఎఫ్ వరకు అక్షరాలుంటాయి; సి సీటుకు నడవ కుడివైపున, డి సీటుకు ఎడమవైపున ఉంటుంది. కుడిచేత్తో మౌస్ కదిపేవారికి, నోట్సు రాసుకునేవారికి సి సీటులో మోచేతికి అడ్డం ఉండదు. ఎడమచేతి వాటం వారికి డి సీటు అంతే హాయి. మోకాలి నొప్పి ఉన్నవారు ఏ కాలు చాపుకోవాలో దాన్ని బట్టి కూడా ఇదే లెక్క వేసుకోవచ్చు. అక్షరాల గురించి ఇంకొక మాట. ఒకటి అంకెతో పొరబడకుండా ఐ అనే అక్షరాన్ని సీట్లకు వాడరు; చాలా సంస్థల్లో ఎ కిటికీ, సి నడవ అన్నది పెద్ద విమానాల్లోనూ మారదు, కానీ కుడివైపు కిటికీ చిన్న విమానంలో ఎఫ్ అయితే పెద్ద విమానంలో కె అవుతుంది. వరుసల అంకెలను కూడా గుడ్డిగా నమ్మకూడదు. కొన్ని సంస్థలు ఎకానమీని ఇరవయ్యో అంకె నుంచి మొదలుపెడతాయి, లుఫ్తాన్సా వంటివి 13, 17 వరుసలను పూర్తిగా వదిలేస్తాయి. ఇరవై రెండో వరుస అంటే వెనకేనని అనుకుని వదులుకున్న సీటు నిజానికి ఎకానమీలో మూడో వరుస కావచ్చు.

పని కాగితాలు ఇతరుల కంట పడకూడదనుకుంటే కిటికీ పక్క సీటే మంచిది. నడవలో నిలబడినవారికీ, వెనక వరుస నుంచి రెండు సీట్ల మధ్య సందులో చూసేవారికీ నడవ సీటులోని తెర తేటతెల్లంగా కనిపిస్తుంది. ఒకసారి నా ముందు వరుసలో కూర్చున్న అపరిచితుడి తెర మీద ఒక సంస్థ జీతాల పట్టిక మొత్తం నాకు కనిపించింది. నేను చూపు తిప్పుకున్నాను కానీ, అందరూ తిప్పుకుంటారన్న హామీ ఏముంది? కిటికీ పక్కన కూర్చున్నప్పుడు ఎండ తెర మీద పడుతుందేమో కూడా ముందుగానే ఊహించవచ్చు. ఉత్తరాది అక్షాంశాల్లో తూర్పు దిక్కుకు ఎగిరే విమానంలో పగటివేళ ఎక్కువసేపు ఎండ కుడివైపు పడుతుంది, పడమరకు ఎగిరితే ఎడమవైపు. ఉత్తరానికి వెళ్లే ఉదయపు విమానంలో కుడివైపు, దక్షిణానికి వెళ్లేదానిలో ఎడమవైపు తెల్లవారి ఎండకు ఎదురుగా ఉంటుంది.

ఎమర్జెన్సీ ఎగ్జిట్ వరుస గురించి అందరూ గొప్పగా చెబుతారు. కాళ్లకు చోటు ఎక్కువన్న మాట నిజమే, ముందువారు సీటు వాల్చి ల్యాప్‌టాప్ తెరను నొక్కేసే భయం కూడా తక్కువ. కానీ ఏ320లో రెక్కల మీద ప్రతి వైపూ రెండేసి అత్యవసర ద్వారాలుంటాయి కాబట్టి ఎగ్జిట్ వరుసలు రెండు. వీటిలో ముందు వరుస సీటు చాలా విమానాల్లో వెనక్కి వాలదు, ఎందుకంటే అది వాలితే వెనక ద్వారానికి దారి అడ్డమవుతుంది. ఎగ్జిట్‌కు సరిగ్గా ముందున్న మామూలు వరుసకు కూడా ఈ ఇబ్బందే ఉండవచ్చు. విమానం లేచేటప్పుడూ దిగేటప్పుడూ కాళ్ల దగ్గర బ్యాగు పెట్టనివ్వరు. కూర్చున్నవారు ఆపద సమయంలో తలుపు తెరవగలిగి, అందుకు ఒప్పుకుని ఉండాలి. అమెరికా నిబంధనల ప్రకారం అయితే 15 ఏళ్లు నిండి ఉండాలి. అది బాధ్యత ఉన్న సీటు. నిద్రమాత్ర వేసుకుని పడుకోవాలనుకునే రోజున నేను ఆ సీటు తీసుకోను.

గోడ వెనక ఉండే మొదటి వరుసకు, అంటే బల్క్‌హెడ్‌కు, వేరే లోపాలున్నాయి. ముందు సీటు లేదు కాబట్టి దాని కింద బ్యాగు పెట్టుకునే చోటు లేదు. బల్ల చేతిరెస్టులో నుంచి బయటికి వస్తుంది. అందువల్ల ఆ చేతిరెస్టు లావుగా ఉండి పైకి లేవదు, సీటు కొంచెం ఇరుకవుతుంది, బల్ల కూడా చిన్నది. దూర ప్రయాణాల్లో పసిపిల్లల ఊయలలు తగిలించేది కూడా ఆ గోడకే. పసిపిల్లలు ఏడవడం తప్పు కాదు, ఆ తల్లిదండ్రుల అలసట మన అలసట కన్నా ఎక్కువ. అయినా మరునాడు ఉదయం ప్రసంగం ఉన్న మనిషి అక్కడ కూర్చోకపోవడం ఇద్దరికీ మంచిది. జపాన్ ఎయిర్‌లైన్స్ 2019లో తన సీటు మ్యాప్‌లో రెండేళ్లలోపు పిల్లలతో వచ్చేవారు ఎంచుకున్న సీట్లకు ఒక గుర్తు పెట్టడం మొదలుపెట్టింది.

రాత్రి ప్రయాణమై, దిగిన తరువాత స్నానం చేసి నేరుగా ఆఫీసుకు వెళ్లవలసి ఉంటే అప్పుడు నిద్ర ఒక్కటే లక్ష్యం. తల ఆనించుకోవడానికి గోడ ఉంటుంది, పక్కవారు లేవడానికి మనల్ని లేపరు కాబట్టి కిటికీ సీటు తీసుకుంటాను. టాయిలెట్‌కూ, సిబ్బంది పనిచేసే గ్యాలీకీ కనీసం నాలుగు వరుసల దూరం చూసుకుంటాను. తలుపు చప్పుడు కన్నా, పరదా తీసినప్పుడల్లా ముఖం మీద పడే వెలుతురు నిద్రను ఎక్కువ చెడగొడుతుంది. జెట్ విమానాల్లో ఇంజిన్లకు ముందున్న భాగం వెనక భాగం కన్నా నిశ్శబ్దంగా ఉంటుంది. కుదుపులు రెక్కల దగ్గర తక్కువగా, తోక దగ్గర ఎక్కువగా తెలుస్తాయి, విమానం బరువు కేంద్రం రెక్కల దగ్గర ఉండటమే అందుకు కారణం. ఒక చిన్న హెచ్చరిక: 737లో రెక్కకు కొంచెం ముందు, ఎయిర్ కండిషనింగ్ గొట్టం గోడలో నుంచి పోయే చోట, కిటికీ ఉండదు. సీటు మ్యాప్‌లో అది కిటికీ సీటుగానే కనిపిస్తుంది. తల ఆనించడానికి గోడ చాలనుకునేవారికి అది నిజానికి మంచి సీటే.

నడవ పక్క సీటుకు నేను ఇప్పటికీ ఎక్కువసార్లు మొగ్గడానికి ఆరోగ్యం కూడా ఒక కారణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన అధ్యయన ఫలితాల ప్రకారం నాలుగు గంటలు మించి కదలకుండా చేసే ప్రయాణం తరువాత సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం దాదాపు రెట్టింపవుతుంది. అయినా మొత్తం మీద అది దాదాపు ఆరు వేల మందిలో ఒకరికి కలిగే ప్రమాదమే. 2012లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ చెస్ట్ ఫిజీషియన్స్ విడుదల చేసిన మార్గదర్శకాలు, ఎకానమీలో కూర్చోవడం వల్లనే ఈ గడ్డలు వస్తాయనడానికి తగిన ఆధారం లేదనీ, కిటికీ సీటులో ఉన్నవారు లేచి తిరగరు కాబట్టి వారికి ప్రమాదం పెరుగుతుందనీ చెప్పాయి. నెలకు మూడు నాలుగు దూర ప్రయాణాలు చేసేవారు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కిటికీ పక్క కూర్చున్నా గంటన్నరకు ఒకసారి పక్కవారిని మర్యాదగా అడిగి లేవడానికి మొహమాటపడవలసిన పని లేదు.

బిజినెస్ క్లాసులో సీటు ఏదైనా ఒకటేనని అనుకుంటారు. అక్కడ సీట్లు ఒక వరుసలో కిటికీకి ఆనుకుని, తరువాతి వరుసలో నడవకు ఆనుకుని వేసే కూర్పు చాలా విమానాల్లో ఉంది. కిటికీకి ఆనుకున్న సీటులో మనిషికీ నడవకూ మధ్య చిన్న బల్ల అడ్డుంటుంది, నడవకు ఆనుకున్న సీటులో భుజం పక్క నుంచే మనుషులు తిరుగుతుంటారు; సరి, బేసి వరుసలు చూసుకుంటే తేడా తెలిసిపోతుంది. ఈ కూర్పులో పడుకున్నప్పుడు పాదాలు ముందువారి పక్క బల్ల కింద ఉన్న గూటిలోకి వెళతాయి. మొదటి వరుసలో ముందు ఎవరూ ఉండరు కాబట్టి ఆ గూడు తరచూ విశాలంగా ఉంటుంది. ఎత్తైన మనిషికి నిద్ర పట్టడం, పట్టకపోవడం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇక్కడిదాకా చెప్పినది ఏ సీటు అన్న సంగతి. దాన్ని చేజిక్కించుకుని, ప్రయాణం దాకా నిలబెట్టుకోవడం అంతకన్నా కష్టమైన పని, నేను ఎక్కువ దెబ్బలు తిన్నది కూడా అక్కడే.

సీటును టికెట్టు తీసిన రోజే ఎంచుకోవాలి. వెబ్ చెక్-ఇన్ తెరిచేదాకా ఆగడం సెలవు ప్రయాణాలకు సరిపోవచ్చు. ఉద్యోగ ప్రయాణాల మార్గాల్లో, ముఖ్యంగా సోమవారం ఉదయం, శుక్రవారం సాయంత్రం విమానాల్లో, తరచూ ప్రయాణించే సభ్యులు ముందు నడవ సీట్లన్నీ ముందే తీసేసుకుంటారు. ఆఫీసు ద్వారా తీసిన టికెట్టుకు ట్రావెల్ ఏజెన్సీ ఇచ్చే బుకింగ్ కోడ్ ఒకటి, విమాన సంస్థ సొంత కోడ్ ఇంకొకటి ఉంటాయి. సంస్థ వెబ్‌సైటులో సీటు ఎంచుకోవడానికి రెండోది కావాలి. ఒక సంస్థ పేరుతో అమ్మి ఇంకొక సంస్థ నడిపే కోడ్‌షేర్ విమానమైతే, నడిపే సంస్థ కోడ్ ట్రావెల్ డెస్కును అడిగి తీసుకుని, దాని వెబ్‌సైటులోనే సీటు చూసుకోవాలి. అమ్మిన సంస్థ దగ్గర ‘అభ్యర్థన పంపాము’ అన్న మాట కనిపిస్తే అది సీటు ఖాయమైనట్టు కాదు. అంకె, అక్షరం రెండూ కనిపించేదాకా పని పూర్తి కాలేదనే అనుకోవాలి. ఆఫీసు బుకింగ్ వ్యవస్థలో ‘నడవ ఇష్టం’ అని పెట్టుకున్న గుర్తు కూడా ఒక కోరిక మాత్రమే. అది నడవ ఇస్తుంది కానీ టాయిలెట్ ఎదురుగా ఉన్న నడవ కూడా నడవే.

డబ్బు కట్టి తీసుకున్న సీటుకు టికెట్టు కాక వేరే పత్రం పుడుతుంది. ఈఎండీ అని పిలిచే ఆ ఎలక్ట్రానిక్ పత్రానికి తన సొంత అంకె ఉంటుంది. సమావేశం తేదీ మారి టికెట్టును తిరిగి జారీ చేయించినప్పుడు పాత సీటు కొత్త విమానానికి దానంతటది వెళ్లదు; ఈఎండీని కొత్త ప్రయాణానికి జోడించమని అడగాలి. ఆ అంకె చెప్పగలిగితే ఫోనులోని ఉద్యోగి పని నిమిషాల్లో చేసిపెడతారు, లేకపోతే ‘మీరు డబ్బు కట్టినట్టు కనిపించడం లేదండీ’ అన్న మాట దగ్గరే సంభాషణ ఆగిపోతుంది. నేను సీటు రసీదును బోర్డింగ్ పాస్‌తో సమానంగా దాచుకుంటాను. ఆఫీసులో ఖర్చు తిరిగి రాబట్టుకోవడానికి కూడా టికెట్టు రసీదు చాలదు, ఇది విడిగా చూపాలి.

విమానం మారిపోవడం అన్నింటికన్నా కనిపించని ప్రమాదం. ఒకసారి ఎనిమిది గంటల ప్రయాణానికి రెండు నెలల ముందే మంచి నడవ సీటు తీసుకున్నాను. మధ్యలో ఆ సంస్థ ఆ మార్గానికి వేరే రకం విమానం వేసింది. బయలుదేరే సమయం మారలేదు కాబట్టి నాకు సందేశం కూడా రాలేదు. కొత్త విమానంలో నా వరుసకు సరిపోయే వరుస లేకపోవడంతో కంప్యూటరు నన్ను వెనక మధ్య సీటులోకి నెట్టింది. గేటు దగ్గర ఉద్యోగి చాలా సానుభూతితో మాట్లాడారు, కానీ నిండిపోయిన విమానంలో ఆమె మాత్రం ఏం చేయగలరు? కట్టిన డబ్బు మాత్రం దరఖాస్తు పెట్టుకున్నాక తిరిగి వచ్చింది. అడగకపోతే వచ్చేది కాదని నా నమ్మకం. ఇప్పుడు నేను టికెట్టు తీసిన వారానికి ఒకసారి, ప్రయాణానికి రెండు వారాల ముందు ఒకసారి, మూడు రోజుల ముందు ఒకసారి, చెక్-ఇన్ తెరిచినప్పుడు ఒకసారి సీటు మ్యాప్ తెరిచి చూస్తాను. చెక్-ఇన్ సంస్థను బట్టి 24 లేదా 48 గంటల ముందు తెరుచుకుంటుంది. తరచూ ప్రయాణించేవారికి పై తరగతి దక్కడం వల్ల వారు వదిలిన మంచి సీట్లు, అప్పటిదాకా విమానాశ్రయ సిబ్బంది చేతిలో ఉంచుకున్న సీట్లు సరిగ్గా ఆ సమయంలోనే బయటికి వస్తాయి. మొదట చేజారిన సీటు నాకు చాలాసార్లు అప్పుడే దొరికింది.

సీటు మ్యాప్‌లో ఖాళీగా కనిపించేవన్నీ ఖాళీలు కావనీ, నిండినట్టు కనిపించేవన్నీ నిండినవి కావనీ గుర్తుంచుకోవాలి. సీటు ఎంచుకోని ప్రయాణికులు మ్యాప్‌లో కనిపించరు. పక్క సీటు ఖాళీగా ఉంటుందని నమ్మి మంచి సీటును వదులుకోవడం నేను మానేశాను.

సీటు ఎంపిక, సామాను అన్నీ ఒకప్పుడు టికెట్టు ధరలోనే కలిసి ఉండేవి. 2008లో ఇంధనం ధర విపరీతంగా పెరిగినప్పుడు అమెరికా సంస్థలు సామానుకు విడిగా డబ్బు తీసుకోవడం మొదలుపెట్టాయి, 2009లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ ముందస్తు సీటుకు రుసుము పెట్టింది. 1971 నుంచి ఎవరు ముందు ఎక్కితే వారికి నచ్చిన సీటు అన్న పద్ధతి పాటించిన అమెరికా విమాన సంస్థ సౌత్‌వెస్ట్ కూడా 2026 జనవరి నుంచి సీట్లు కేటాయించడం మొదలుపెట్టింది. ఈ మార్పు ఆఫీసుల ప్రయాణ నియమావళుల దాకా ఇంకా పూర్తిగా రాలేదు. సీటు రుసుమును విలాసంగా లెక్కగట్టి తిరస్కరించే కంపెనీలు ఇప్పటికీ ఉన్నాయి. మనిషి జీతం, హోటలు, టికెట్టు అన్నీ భరించి, అతడు పని చేయగల స్థితిలో, సమయానికి చేరడానికి కావలసిన చిన్న మొత్తం దగ్గర చేయి బిగించడం నాకు ఎప్పుడూ సరైన లెక్కగా తోచలేదు. మా విభాగంలో ఈ విషయం లిఖితపూర్వకంగా అడిగాను. సమావేశం అదే రోజున ఉన్నా, కనెక్షన్ రెండు గంటలలోపు ఉన్నా, ప్రయాణం రాత్రిపూట అయినా సీటు రుసుము చెల్లించాలని అందులో రాశాను. కారణాలు అంత స్పష్టంగా ఉండటం వల్ల అది ఆమోదం పొందింది. అడగదలచినవారు మొత్తానికీ కాక ఇలా సందర్భాలు చెప్పి అడగమని నా సలహా.

ఇద్దరు సహోద్యోగులు కలిసి వెళ్లేటప్పుడు పక్కపక్కన కూర్చోవలసిందే అన్న నియమం నాకు లేదు. నడవకు ఇటు సి, అటు డి తీసుకుంటే ఇద్దరికీ మోచేతికి చోటు ఉంటుంది, మాట్లాడుకోవడానికీ దూరం కాదు. కాగితాల మీద కలిసి పని చేయవలసి ఉంటే మాత్రం రెండు సీట్లే ఉండే వైపు చూసుకోవాలి. మా బృందంలో కొత్తగా చేరినవారికి ముందు వరుస దొరికి నాకు వెనక దొరికిన సందర్భాల్లో మార్పిడి అడగను. ఆ రోజు ఎవరు ముందు మాట్లాడాలో వారు ముందు దిగాలి.

తిరుగు ప్రయాణానికి ఈ లెక్కలన్నీ మారతాయి. దిగిన తరువాతి గంటలో నా కోసం ఏ సమావేశమూ ఉండదు, ఇంటికి పది నిమిషాలు ఆలస్యంగా చేరినా ఎవరూ ఏమీ అనుకోరు. అప్పుడు ముందు వరుసలను తొందర ఉన్నవారికి వదిలేసి, వెనకవైపు కిటికీ పక్క, రుసుము లేని సీటు తీసుకుంటాను. ల్యాప్‌టాప్ పైఅరలో పెట్టేస్తాను.